ఐదు వేల అడుగుల దగ్గర నేను చెప్పని మాట

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధం నా మీద బరువుగా ఉంది. చిన్న అబద్ధమే. మూడు మాటలు. ఆ మాటలు విన్న మనిషి పోయిన నెల చనిపోయాడు. ఆయనకిక నిజం చెప్పలేను. మీకు చెబుతాను.

బరువు అన్నానని ఇన్నాళ్ళూ నలిగిపోయానని అనుకోకండి. అలా రాస్తే చదవడానికి బాగుంటుంది గాని నిజం కాదు. తిన్నాను, నిద్రపోయాను, విమానాలు నడిపాను. నా పనిలో నేను మంచివాణ్ణి. వినయం కోసం ఆ సంగతి దాచను. నెలల తరబడి ఆ మాట గుర్తుకే వచ్చేది కాదు. కానీ ఆయన ఫోన్ చేసి "ఎట్లుండావప్పా?" అని అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఆ ఆగడం ఆయన గమనించాడా? లేదనే అనుకుంటున్నాను. మనుషుల్ని అనుమానించే అలవాటు ఆయనకు లేదు.

ఆయన్ని ఇక్కడ జయరాజు అంటాను. అసలు పేరు అది కాదు. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవుడు. వాళ్ళ తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక బడిలో పంతులుగా స్థిరపడ్డాడు. నాది పక్కనే ఉన్న ఆనేకల్. ఇద్దరం ఒకే విమాన సంస్థలో పనిచేశాం. ఆయన కెప్టెన్, నేను కో పైలట్‌ని. పుస్తకాల్లో చదివినది పనిగా మారింది ఆయన పక్కన కూర్చున్నాకే. ఒకసారి కిందికి దిగుతున్నప్పుడు వేగం తగ్గుతోందని నేను ఆలస్యంగా చెప్పాను. ఆయన అప్పుడేమీ అనలేదు. విమానం ఆగాక నావైపు తిరిగి, "నోట్లో మాట పెట్టుకోని కూర్చోవద్దప్పా. తప్పు చెప్పినా నేను ఏమీ అనను. చెప్పకపోతే మాత్రం తిడతా," అన్నాడు. అప్పటికే తిడుతున్నాడని ఆయనకు తెలియదు.

తర్వాత మా సంస్థ మూతపడింది. ఇద్దరం ఇంట్లో కూర్చున్నాం. కొన్ని నెలలకు గల్ఫ్‌లోని ఒక పెద్ద సంస్థ పైలట్లను తీసుకోవడానికి బెంగళూరు వచ్చింది. కో పైలట్లు మాత్రమే కావాలన్నారు. జయరాజు ఏళ్ళ తరబడి కెప్టెన్‌గా చేసినవాడు. అయినా మళ్ళీ కుడివైపు, కో పైలట్ సీట్లో కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. రాత పరీక్ష ఇద్దరం దాటాం. మిగిలింది సిమ్యులేటర్. అది నేలమీదే ఉండే కాక్‌పిట్. లోపల మీటర్లు, శబ్దాలు, కుదుపులు అన్నీ విమానంలో ఉన్నట్టే ఉంటాయి. వెనక కూర్చున్న పరీక్షకుడు కావలసిన లోపాలన్నీ పుట్టిస్తాడు. పరీక్షకు ఇద్దరిద్దరిని కూర్చోబెడతారు. ఒకరు నడుపుతారు. రెండోవాడు రేడియో చూసుకుంటాడు, చెక్‌లిస్టు చదువుతాడు, అన్నిటికంటే ముఖ్యంగా మొదటివాణ్ణి కనిపెట్టి ఉంటాడు. తర్వాత స్థానాలు మారతారు. జయరాజుకు, నాకు ఒకే జంటగా పిలుపు వచ్చింది.

సర్జాపుర రోడ్డులో వాళ్ళ ఇల్లు. ముందు గదిలో గోడకు కాక్‌పిట్ బొమ్మ ముద్రించిన పెద్ద కాగితం అంటించి, దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మూడు వారాలు సాధన చేశాం. కాగితం మీది మీటలను వేళ్ళతో ముట్టుకుంటూ, లేని విమానాన్ని లేని రన్‌వే మీద దించేవాళ్ళం. ఆయన భార్య సునీత వదిన నర్సు, ఒంగోలు వైపు మనిషి. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంట్రోల్ టవర్‌గా మారి మేము రాసిచ్చిన ఆదేశాలు చదివేది.

"ఏవండీ కెప్టెన్ గారూ, గోడకి గుద్దుకోకుండా దిగండి. సున్నం మొన్ననే వేయించాను," అనేది. "అబ్బాయ్, నువ్వన్నా చూసుకో. మీ అన్నకి కళ్ళు పైనే ఉంటాయి."

"వాడు చూసుకుంటాడు లేవే. వాని కండ్లు గద్ద కండ్లు," అనేవాడు జయరాజు.

వదిన గల్ఫ్ నర్సు పరీక్షకు తన సర్టిఫికెట్లన్నీ సిద్ధం చేసి పెట్టుకుంది. ఆస్పత్రిలో పెద్ద నర్సుకు, ఎక్కువ రోజులు ఉండనని చెప్పేసింది కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బెంగళూరు పైలట్లలో ఆ రోజుల్లో ఒక మాట తిరిగేది. ఆ సంస్థవాళ్ళు జంటలో ఒక్కరినే తీసుకుంటారని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఉద్యోగాలు లేక కూర్చున్నవాళ్ళం, రోజూ ఫోన్లలో అదే మాట. ఫలానా జంటలో ఒకడికే వచ్చింది, చూశారా? ఇంకో జంటలోనూ అంతే. ఇద్దరికీ రాని జంటల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇద్దరికీ వచ్చినవాళ్ళు అప్పటికే సామాను సర్దుకుంటూ మా మాటలకు దూరమయ్యారు. జయరాజు దాన్ని కొట్టిపారేశాడు. "సుమ్నే మాట్లాడతారప్పా, పని లేక. ఇద్దరం పోతాం, ఒకే బిల్డింగులో ఉందాం," అన్నాడు. నేను తల ఊపాను. నమ్మింది మాత్రం ఆ పుకారునే.

పరీక్ష మధ్యాహ్నం పూట జరిగింది. మొదట నేను నడిపాను. జయరాజు పక్కన ఉన్నాడు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ నడపలేదు. అందులో సగం ఆయనదే. ప్రతి ఎత్తుకూ, ప్రతి వేగానికీ ముందే హెచ్చరించాడు. ఒకచోట నేను తిరగవలసిన దిక్కు తప్పబోతే, పరీక్షకుడు గమనించేలోపే, "రైట్ కాదు, లెఫ్ట్," అని మెల్లగా అందించాడు. అది సాయం కూడా కాదు, ఆయన పని. పనిని ఆయన అలాగే చేసేవాడు.

తర్వాత ఆయన వంతు. ఆటోపైలట్ లేకుండా చేత్తో నడపమన్నారు. ఐదు వేల అడుగులకు ఎక్కి అక్కడ నిలవాలని ఆదేశం. మూడు వేలు దాటుతుండగా పరీక్షకుడు హైడ్రాలిక్ లోపం ఒకటి పుట్టించాడు. జయరాజు కంగారుపడలేదు. విమానాన్ని సరిగ్గా పట్టుకుని నన్ను చెక్‌లిస్టు అడిగాడు. నేను పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. నిలవవలసిన ఎత్తు ఇంకా వెయ్యి అడుగులు ఉందనగా పక్కనున్నవాడు నోరు తెరిచి "వన్ థౌజండ్ టు గో" అని చెప్పాలి. అది నా పని. చెక్‌లిస్టు చేతిలో ఉన్నా నా పనే.

నేను తలెత్తాను. ఎత్తు చూపే మీటరులో నాలుగు వేల రెండు వందలు. ఆయన కళ్ళు లోపం చూపే తెరమీద ఉన్నాయి. ఎక్కే వేగం తగ్గించడం లేదు. అంతా ఒక్క చూపులో అర్థమైంది. ఆయన చెప్పింది నిజమే, నా కళ్ళు మంచివి.

నేను తల దించాను. పేజీలో తర్వాతి వాక్యం పైకి చదివాను.

మరిచిపోయానా? లేదు. గొంతు పెగల్లేదా? అదీ కాదు, చెక్‌లిస్టు చదువుతూనే ఉన్నాను, గొంతు బాగానే పనిచేస్తోంది. జంటలో ఒక్కరే అన్న ఆలోచన మాటల రూపంలో నా బుర్రలోకి వచ్చిందా అని ఎన్నోసార్లు వెనక్కి వెళ్ళి వెతికాను. రాలేదు. రావలసిన అవసరం లేదు. అది మూడు వారాలుగా నాలో తయారుగా కూర్చుని ఉంది. నేను తల దించిన దగ్గర్నుంచి ఎత్తు దాటిన హెచ్చరిక మోగేవరకు దాదాపు అరనిమిషం. విమానంలో అరనిమిషం చాలా ఎక్కువ. అంతసేపూ ఏ క్షణంలోనైనా చెప్పవచ్చు. నేను నిదానంగా, స్పష్టంగా, తప్పుల్లేకుండా చెక్‌లిస్టు చదివాను.

హెచ్చరిక మోగింది. జయరాజు వెంటనే ముక్కు దించి విమానాన్ని ఐదు వేలకు తెచ్చాడు. అప్పటికి నాలుగు వందల అడుగులు దాటిపోయింది. నిజమైన ఆకాశంలో అక్కడ ఇంకో విమానం ఉండవచ్చు. అలాంటి పరీక్షలో దానికి క్షమాపణ లేదు. నా తల పుస్తకంలో ఉంది కాబట్టి నా కాగితం మీద ఏదో ఒక చిన్న వ్యాఖ్య రాసి వదిలేశారు.

బయటికి వచ్చి దారిలో ఒక దర్శిని హోటల్ దగ్గర ఆగాం. నిలబడి తినే ఎత్తు బల్ల. ఆయన రెండు కాఫీలు తెచ్చి ఒకటి నా ముందు పెట్టాడు.

"నువ్వు చూసినావా అప్పా?"

"ఏందన్నా?"

"నాలుగు వేలు దాటేది. నేను చూళ్ళే."

"లేదన్నా, నేను చూళ్ళేదు. చెక్‌లిస్ట్ చదవతా ఉంటి."

"అదే అనుకుంటి," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "నువ్వు చూసింటే చెప్పకుండా ఉంటావా? తప్పు నాదే. ఎత్తు నిలిచి లెవెల్ అయినంక అడగాల్సింది చెక్‌లిస్టు. తొందరపడి నీ తల పుస్తకంలో పెట్టిస్తి. ఇన్నేండ్ల కెప్టెన్‌ని, కొత్త పిల్లోడు చేసే తప్పు." కాఫీ తాగకుండా గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. "సారీ అప్పా. నా వల్ల నీకూ మార్కులు పోతాయేమో."

ఆయన నాకు క్షమాపణ చెప్పాడు. నేను, "బిడన్నా, వదిలెయ్, అట్లేం కాదులే," అన్నాను. కాఫీ తాగేశాను.

నాకు ఉద్యోగం వచ్చింది. ఆయనకు రాలేదు. విమానాశ్రయానికి ఆయనే కారులో దింపాడు.

అక్కడికి వెళ్ళిన మొదటి వారంలోనే, శిక్షణ తరగతిలో నా ముందు వరుసలో ఇద్దరు శ్రీలంక పైలట్లు కూర్చున్నారు. స్నేహితులు. మీరిద్దరూ ఒకేసారి ఎంపికయ్యారా అని అడిగాను. ఒకే జంటగా సిమ్యులేటర్ పరీక్ష ఇచ్చామని చెప్పారు. ఇంకో జంట కూడా ఆ గదిలోనే ఉంది. ఒక్కరినే తీసుకునే నియమం లేదు. ఎప్పుడూ లేదు. నేను నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే జయరాజు నా పక్క కుర్చీలో ఉండేవాడు. ఆయన్ని వెనక్కి నెట్టడం వల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు. ఒరిగి ఉంటే తప్పు చిన్నదయ్యేదా? కాదు. అయినా ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేయలేకపోయాను.

ఆ దేశంలో నేను సుఖంగా బతికాను. అది చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగం అబద్ధమవుతుంది. పని నచ్చింది. పెద్ద విమానాలు, పొడవైన దారులు, పన్నెండో అంతస్తులో ఇల్లు, చదువుకోవడానికి తీరిక. ఆరేళ్ళకు కెప్టెన్‌నయ్యాను. పక్క సీట్లో ఉన్నప్పుడు నేను చెప్పవలసిన మాట ఒక్కటీ ఆ తర్వాత మానలేదు. నాతో ఎగిరినవాళ్ళు దాన్ని మెచ్చుకునేవారు. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకునే మనిషిని కాదు. జీతం తీసుకుంటున్న పని అది.

ఇంతవరకు చదివి, అరనిమిషం బలహీనత, అంతేగా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని కొంతకాలం గడిపాను. కానీ రెండోది ఉంది.

ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షకు రావచ్చని ఆ సంస్థ చెప్పింది. ఏడాది నిండింది. జయరాజు దరఖాస్తు పెట్టలేదు. సునీత వదిన నాకు ఫోన్ చేసింది.

"అబ్బాయ్, నువ్వన్నా చెప్పు. నీ మాటైతే వింటాడు. రోజంతా ఆ చెక్‌లిస్టే. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిందంటాడు. ఒక్క తప్పుకి ఇంతా?"

అప్పుడు నా పక్కన ఎవరూ లేరు. హెచ్చరికలు మోగడం లేదు. ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంది. ఆయనకు అప్పుడు కావలసింది ధైర్యం కాదు, సమాచారం. నీ తప్పు ఒక్కటే కాదు, నేను చూసి ఊరుకున్నాను అన్న సమాచారం. అది నా దగ్గర మాత్రమే ఉంది. చెబితే ఆయన నన్ను తిట్టి, వారం రోజులు బాధపడి, దరఖాస్తు పెట్టి ఉండేవాడు. నాకు ఆయన సంగతి తెలుసు.

"అన్న ఇష్టం వదినా. మనం బలవంతం చేస్తే బాగుండదు," అన్నాను.

సిమ్యులేటర్‌లో చేసింది పుకారు నమ్మిన భయం. ఇది మాత్రం తెలిసి, కూర్చుని, ఆలోచించి చేసింది. ఆయన ఇంటికి వెళితే నవ్వుతూ తలుపు తీసేవాడు. ఆ తలుపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకు ఆయన ఉద్యోగాన్ని వదులుకున్నాను. నాది కాని దాన్ని.

ఆ తర్వాతి ఏడాది ఆయనకు షుగర్ పెరిగి ఇన్సులిన్ దాకా వచ్చింది. పైలట్లకు జరిపే వైద్య పరీక్షలో పనికిరాడన్నారు. ఆయన్ని నేను జబ్బుపడేలా చేశానని అనను. ఆ రోగం వాళ్ళ నాన్నకూ ఉంది. ఎగరగలిగిన ఏడాది ఒకటి ఆయన చేతిలో ఉండగా, దాన్ని ఇంట్లో కూర్చుని గడిపేలా చేశాను. నేను చేసింది అది. సరిగ్గా అంతే, తక్కువ కాదు.

ఆయన బెంగళూరులోనే ఒక శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పడానికి చేరాడు. మంచి గురువు అని పేరు వచ్చింది. సెలవులకు వచ్చినప్పుడల్లా కలిసేవాణ్ణి. పాఠాల్లో ఏం చెబుతావని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఏం చెప్పేవాడో పోయిన నెల తెలిసింది. గుండెపోటుతో పోయాడని వదిన కబురు పంపితే వచ్చాను. చర్చిలో ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. పాస్టర్ ప్రార్థన అయ్యాక, ఆయన దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి లేచింది. హర్షిత అని పరిచయం చేసుకుంది.

"సార్ ప్రతి బ్యాచ్‌కీ ఫస్ట్ డే తన ఫెయిల్యూర్ స్టోరీ చెప్తారు. లెవెల్ అవ్వకముందే చెక్‌లిస్ట్ అడిగి, పక్కన ఉన్న పార్ట్‌నర్ తల కిందికి దింపించానని. ఆ పార్ట్‌నర్ తనకి తెలిసినవాళ్ళలో బెస్ట్ అని, ఆయన కళ్ళు కూడా మిస్ అయ్యాయంటే అది పూర్తిగా తన తప్పేనని చెప్పేవారు. ఆ పార్ట్‌నర్, ఇప్పుడు కెప్టెన్ అయిన సార్, ఈ రోజు ఇక్కడే ఉన్నారు."

అందరూ నావైపు తిరిగారు. కొందరు చేతులు జోడించారు. రెండు మాటలు మాట్లాడమని వదిన సైగ చేసింది. నేను లేచి, ఆయన ఎంత మంచి కెప్టెనో చెప్పాను. అన్నీ నిజాలే. కూర్చున్నాను. అది మూడోసారి.

మర్నాడు ఉదయం వాళ్ళింటికి వెళ్ళి సునీత వదినకు అంతా చెప్పాను. దర్శిని దగ్గర అన్న మాట, తన ఫోన్‌కు నేనిచ్చిన జవాబు, అన్నీ.

"నాకెందుకు చెబుతున్నావ్? నీకు తేలికవ్వాలనా?" అంది చివరికి.

"అవును వదినా."

"అయితే నాకు కాదు. ఆయన తన పరువు తానే తీసుకుంటూ పాఠం చెప్పాడే, ఆ పిల్లలకి చెప్పు." లేచి తలుపు దాకా వచ్చింది. "ఆయన పోయేముందు వచ్చి చెప్పి ఉండాల్సింది, అబ్బాయ్."

భోజనానికి ఉండమనలేదు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

శిక్షణ సంస్థలో అడిగితే సోమవారం ఒక గంట ఇచ్చారు. ఇరవైమంది దాకా ఉన్నారు. జయరాజు గురించి మాట్లాడతానని అనుకున్నారు. పైన మీకు చెప్పిందే వాళ్ళకూ చెప్పాను, ఇంతకంటే తక్కువ మాటల్లో. బోర్డు మీద నాలుగు వేల రెండు వందలు అని రాసి, ఇక్కడ చూశాను, చెప్పలేదు అన్నాను. వెనక వరుసలో ఒకతను పుస్తకం మూసి బయటికి వెళ్ళిపోయాడు. ఎవరూ అతన్ని ఆపలేదు.

హర్షిత చెయ్యెత్తింది.

"అయితే సార్ చెప్పిన రూల్ తప్పా? లెవెల్ అయ్యాకే చెక్‌లిస్ట్ అడగాలన్నది?"

"రూల్ సరైందేనమ్మా. అట్లే చెయ్యండి. ఆయన తన గురించి చెప్పుకున్నదే తప్పు."

"మరి సార్‌కి ఇది తెలీకుండానే..." అని ఆపేసింది.

"అవును," అన్నాను.

గంట పూర్తవకముందే బయటికి వచ్చాను.

ఆయన దగ్గర అంతకుముందు చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ దేశంలో, ఏ సంస్థలో ఎగురుతున్నారో నాకు తెలియదు. వాళ్ళలో తెలుగు చదివేవాళ్ళకైనా అందుతుందని ఇది రాస్తున్నాను. నా పేరు వేయలేదు, వదిన వద్దంది. ఎవరూ నన్ను క్షమించలేదు. నేను అడగలేదు, అడగవలసిన మనిషి ఒక్కడే. అయినా ఇది రాశాక ఛాతీలో పట్టు సడలింది. అది నాకు దక్కవలసినదేనా అన్నది వేరే ప్రశ్న. సడలింది మాత్రం నిజం.

మొదటి రోజు తరగతిలో మీ సార్ చెప్పిన కథలో ఒక మనిషి చెక్‌లిస్టు చదువుతూ ఎత్తు చూడలేదు కదా. ఆ మనిషిని నేను. నేను చూశాను.